ఆరాధ్యము – అలంకారము: స్వాతంత్ర్య పర్వమున గృహాంగణ శోభ

పర్వదినము వచ్చుచున్నదని ఇంటిలో ముందుగా తెలియునది గుమ్మమునకే. ముంగిట కళ్లాపి చల్లబడును, ముగ్గు వెలయును, ద్వారబంధమునకు మామిడాకుల తోరణము పచ్చగా అమరును. దేవుని గదిలో పూజ ఆరంభము గాక మునుపే, వీధిని పోవు బాటసారికి సైతము ఈ యింట నేడొక విశేషమున్నదని విదితమగును. అలంకారము ఈ విధముగా హృదయములోని యుత్సవమును వెలుపలికి తెలుపు వార్త. సంక్రాంతికి, ఉగాదికి, వివాహమునకు ఏ యలంకారము తగునో మన గృహిణులకు ఒకరు నేర్పవలసిన పనిలేదు. తరతరముల యాచారమే వారికి గురువు. కాని జాతీయ పర్వములు మన యిండ్లకు క్రొత్తగా వచ్చిన అతిథులు. వానికి చేయదగిన మర్యాద ఎట్టిదో మనమింకను నేర్చుకొనుచునే యున్నాము. ఆ మర్యాదను విచారించుటయే ఈ పాఠమునకు ప్రయోజనము.

మూడు పర్వముల పట్టణము

ఈ విచారణకు పుదుచ్చేరి పట్టణము మిక్కిలి అనువైన చోటు. దేశమునందంతటను స్వాతంత్ర్య పర్వము ఆగష్టు 15వ తేదీ యొక్కటియే. పుదుచ్చేరికి అట్టివి మూడు కలవు. 1947 ఆగష్టు 15న భారతదేశము స్వతంత్రమైనపుడు ఈ పట్టణము ఇంకను ఫ్రెంచివారి పాలనలోనే యుండెను. ఆనాడే శ్రీ అరవిందులకు 75 సంవత్సరములు నిండినవి. 1910 ఏప్రిల్ 4న ఈ తీరమునకు వచ్చిన ఆయన, దేశ స్వాతంత్ర్యము తన జన్మదినముతో కలిసివచ్చుట యాదృచ్ఛికము కాదని భావించి, తిరుచిరాపల్లి ఆకాశవాణి కేంద్రము ద్వారా దేశమునకు సందేశము నొసగిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన సందర్భమున, ఆ స్వాతంత్ర్యమింకను తన గుమ్మము త్రొక్కని పట్టణమునుండి ఆ సందేశము వెలువడినది.

అటుపిమ్మట ఏడు సంవత్సరములు గడచినవి. 1954 జూన్ 13న తెలుగువారి యానాము, దడాల రఫేలు రమణయ్య నాయకత్వమున, ఫ్రెంచి పాలననుండి విడివడినది. అదే సంవత్సరము అక్టోబరు 18న కీళూరు గ్రామమున ఫ్రెంచి స్థావరముల ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై వోట్లు వేయగా, 170 మంది భారతదేశములో విలీనమును కోరిరి. 8 మంది కాదనిరి. నవంబరు 1న అధికారము చేతులు మారెను. ఫ్రెంచి పతాకము దిగినది, భారత పతాకము ఎగసినది. రెండును త్రివర్ణములే యగుట గమనింపదగినది. ఒకదాని చారలు నిలువు, మరొకదానివి అడ్డము. 1956 మే 28న కుదిరిన ఒప్పందమును ఫ్రెంచి శాసనసభ ఆమోదించుట ఆలస్యమైనందున, న్యాయతః సంపూర్ణమైన బదలాయింపు 1962 ఆగష్టు 16న గాని జరుగలేదు.

కావున ఈ పట్టణమున ఆగష్టు 15 దేశపర్వము. మరునాడు 16 న్యాయతః విలీనమైన దినము. నవంబరు 1 విమోచన దినము. తుపాకులు మ్రోగింపక, వోటుచేతను ఒప్పందముచేతను పతాకము మారిన చోటిది. ఇట్టి చోట ఒక పతాకమును ఎగురవేయుటన నేమో, దించుటన నేమో పెద్దలకు అనుభవమున తెలిసియుండెను. ఆ పెద్దలు తగ్గిపోవుచున్నారు. వారి మనుమలకు ఆ యర్థము పుస్తకముననే గాక ఇంటి ముంగిట గూడ తెలియవలయును.

ఒక సందేహము

ఒక గృహమును ఊహింతము. పుదుచ్చేరిలో కాలువకు పడమట, పాత తరహా యిల్లు. ముందు అరుగు, లోపల వెలుతురు దిగు నడిమి వాకిలి, వెనుక ఒక కొబ్బరిచెట్టు, ఒక మామిడిచెట్టుగల పెరడు. యానాము నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము. ఆగష్టు 15న సాయంకాలము బంధుమిత్రులు ఇరువది మంది పెరటిలో కలిసి ఫలాహారము చేయుదురు. పదేండ్ల మనుమడు అంగడినుండి చిన్న చిన్న జెండాలు గ్రుచ్చిన దండలు కొనుటకు డబ్బు లడిగెను. అమ్మమ్మ ఈయలేదు.

"అమ్మమ్మా, జెండా అంటే నాకు ఇష్టం కదా! దండ కడితే తప్పేమిటి?"

"ఇష్టం కాబట్టే వద్దంటున్నాను, నాయనా. పూజగదిలో కృష్ణుడంటే నీకు ఇష్టమేగా? ఆయన మెడలో దండ వేస్తాము. ఆయననే దారానికి గ్రుచ్చి దండ చేస్తామా? పండుగ కాగానే తెంపి పారవేస్తామా?"

బాలుడు నిరుత్తరుడయ్యెను. అమ్మమ్మ చట్టము చదివినది కాదు. అయినను ఆమె చెప్పిన మాటలో విషయమంతయు ఇమిడియున్నది. పూజాస్థలమున రెండు విధములైన వస్తువులుండును. ఒకటి ఆరాధ్యము, రెండవది అలంకారము. తోరణము, మాల, ముగ్గు, దీపము ఇవి యన్నియు అలంకారములు. ఇవి వేనికొరకు వచ్చినవో అది ఆరాధ్యము. అలంకారము ఎంత యధికమైనను శోభయే. ఆరాధ్యమును అలంకారముగా దించినచో మాత్రము రెండును నశించును. అలంకరింపబడవలసినది మిగులదు, అలంకారమునకు అర్థమును మిగులదు. జాతీయ పతాకము ఆరాధ్య స్థానమున నున్న వస్తువు. దానికొరకు ఇంటిని అలంకరింపవలయును గాని, ఇంటికొరకు దానిని అలంకారముగా వాడరాదు.

చేతులు నిర్మించిన చిహ్నము

పతాకమునకు ఇట్టి గౌరవము ఎచ్చటనుండి వచ్చెను? అది యంత్రముననుండి రాలేదు. చేతులనుండి, హృదయములనుండి వచ్చినది. వంగ విభజన కాలమున సోదరి నివేదిత వజ్రాయుధమును చిహ్నముగా గైకొని జాతికొక పతాకమును కల్పించెను. ఆమె పాఠశాల బాలికలు సూదిదారములతో కుట్టిన ఆ పతాకము 1906లో కలకత్తా కాంగ్రెసు సందర్భమున జరిగిన ప్రదర్శనలో ఉంచబడినది. వజ్రము దధీచి మహర్షి యెముకలతో చేయబడినది గదా! తన శరీరమునే లోకహితమునకు అర్పించిన వాని త్యాగమే ఆ చిహ్నమునకు అర్థము. 1908 మొదలు పది సంవత్సరములు ఈ పుదుచ్చేరి వీధులలోనే ప్రవాస జీవనము గడపిన సుబ్రహ్మణ్య భారతి, భారతమాత పతాకమును కీర్తించుచు తమిళమున గీతము రచించెను. ఆయన నివసించిన ఇల్లు నేటికిని ఇచ్చట స్మారకముగా నిలిచియున్నది.

తెలుగువారికి ఈ కథలో ప్రత్యేక స్థానము కలదు. కృష్ణా మండలమున భట్లపెనుమర్రున జన్మించిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశముల సమయమున గాంధీ మహాత్మునికి తన పతాక రూపమును సమర్పించెను. అది మార్పులను పొంది, 1931లో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వన్నెలతో, నడుమ రాట్నముతో కాంగ్రెసు పతాకమయ్యెను. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నమునకు మారుగా అశోకుని ధర్మచక్రమును నిలిపి దానిని జాతీయ పతాకముగా స్వీకరించెను.

ఆనాటి సభలో సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు వర్ణముల యర్థమును వివరించెను. ఆయన వివరణము ప్రకారము కాషాయము త్యాగమునకు గుర్తు. దేశమును నడపువారు స్వలాభమునందు ఉదాసీనులై యుండవలయునని దాని బోధ. తెలుపు వెలుగునకు, సత్యమార్గమునకు గుర్తు. ఆకుపచ్చ మనకును నేలకును, సకల ప్రాణులకు ఆధారమైన చెట్టుచేమలకును గల సంబంధమును తెలుపును. చక్రము ధర్మమునకు, చలనమునకు చిహ్నము. నిలిచిపోయినది నశించును, కదలునది జీవించును. ఈ నాలుగు భావములను ఎరిగినవాడు ఆ వస్త్రమును వట్టి రంగుగుడ్డగా చూడజాలడు.

చట్టము ఏమనుచున్నది

అమ్మమ్మ మాటనే చట్టము వేరొక భాషలో చెప్పుచున్నది. 2002 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన భారత పతాక నియమావళి, పౌరులందరును తమ యింట పతాకమును గౌరవముతో ఎగురవేయవచ్చునని అనుమతించినది. అట్లు ఎగురవేయుట భావప్రకటన స్వాతంత్ర్యములో భాగమైన హక్కని సుప్రీంకోర్టు 2004 జనవరి 23న తీర్పు చెప్పినది. అయినను ఆ నియమావళి ఒక హద్దును స్పష్టముగా గీచినది. పతాకమును తోరణముగా గాని, రంగుకాగితపు దండగా గాని, పూవుముడిగా గాని, మరి యే విధమైన అలంకారముగా గాని ఉపయోగింపరాదు. దానికంటె ఎత్తున గాని, దానితో సమముగా ప్రక్కన గాని వేరొక జెండాను, తోరణమును ఉంచరాదు. పతాకము ఎగురు స్తంభముపై పూవులు, మాలలు సైతము పెట్టరాదు. ఆవిష్కరణకు ముందు మడతలో పూవురేకులు నింపుట మాత్రము సమ్మతమే.

1971 నాటి జాతీయ గౌరవ చట్టము ఇంకొక మాట చెప్పుచున్నది. పతాకమనగా వస్త్రము మాత్రమే కాదు; దాని చిత్రము, దాని భాగము, ఏ వస్తువుపై ఏ వస్తువుతో రూపించినను అదియు పతాకమే. దానిని బల్లలకు కప్పుటయు, చేతిరుమాళ్లపై, దిండ్లపై ముద్రించుటయు, బుద్ధిపూర్వకముగా నేలను తాకనిచ్చుటయు, నీటిలో ఈడ్వబడనిచ్చుటయు అగౌరవముగా ఆ చట్టము పేర్కొనినది.

ఇచ్చట ఒక న్యాయమైన ప్రశ్న పుట్టును. ప్రేమతో తెలియక చేసినవాడు దోషియా? పుదుచ్చేరికి గూడ ఉన్నత న్యాయస్థానమైన మద్రాసు హైకోర్టు 2021 మార్చిలో దీనికి సమాధానము చెప్పినది. 2013 క్రిస్మసు నాడు కోయంబత్తూరున ఒక సభలో త్రివర్ణ పటముతో, చక్రముతో చేసిన కేకును కోసి పంచుకొనిరి. అది నేరమని ఫిర్యాదు వచ్చెను. అందు అవమానించు నుద్దేశము లేదని, ఉద్దేశమే ముఖ్యమని న్యాయస్థానము ఆ కేసును కొట్టివేసినది.

ఈ తీర్పు ఉదారమైనది, యుక్తమైనది. ఆప్యాయతతో పొరబడిన పిల్లవానిని దండించు దేశభక్తి భక్తి కాదు. పొరుగింటివారి పెరటిలోని తప్పులెన్నుటకు ఈ నియమములను ఆయుధములుగా ధరించుటయు పర్వధర్మము కాదు. కాని శిక్ష లేకపోవుట వేరు, తగియుండుట వేరు. చట్టము క్షమించునది కనిష్ఠము. సంస్కారము కోరునది ఉత్తమము. తల్లి యెదుట నడచుకొనవలసిన తీరును కోర్టు తీర్పులలో ఎవ్వరు వెదుకుదురు?

అలంకరించు విధానము

అయినచో పతాకమును దండలు కట్టక, పెరటిని దేశోత్సవముగా నెట్లు అలంకరింపవలయును? మార్గములు కొల్లలు, అందు పెక్కింటికి కొనవలసిన దేమియు లేదు.

మొదట పతాకస్థానమును నిర్ణయింపవలయును. పెరటిలో అందరికిని కనబడు ఎత్తైన చోట ఒక్కటే పతాకము చాలును. దాని పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2. పొడవు 90 సెంటీమీటర్లయినచో వెడల్పు 60. మూడు పట్టీలును సమానముగా ఒక్కొక్కటి 20. నడిమి తెలుపుపై ముదురు నీలి చక్రమునకు 24 ఆకులు. చేతితో వడకి నేసిన ఖద్దరుతోనే గాక, 2021 డిసెంబరు సవరణము తరువాత యంత్రముపై నేసిన నూలు, పట్టు, ఉన్ని, పాలియెస్టరు బట్టలతోను పతాకమును చేయవచ్చును. 2022 జులై సవరణముచే ఇంటిపై రాత్రింబవళ్లు గూడ ఎగురవచ్చును. చిరిగినది, మాసినది ఎగురవేయరాదు. గోడపై నిలువుగా వ్రేలాడదీసినచో, చూచువారికి కాషాయము ఎడమవైపున నుండవలయును. ఈ స్థానము స్థిరపడిన పిమ్మట తక్కిన అలంకారములన్నియు దానికంటె క్రిందుగా, దానినుండి ఎడముగా అమరవలయును.

రెండవది తోరణము. పెరటిలోని మామిడిచెట్టు ఇందుకు భాండాగారము. లేతవి గాక ముదురువి గాక నడిమి యాకులను కోసి, పురికొసపై ఆకు మొదలును మడచి, కాడను ఆకులోనికి గ్రుచ్చిన చాలును, సూది యక్కరలేదు. లేత కొబ్బరాకులతో చిలుకలు, గిలకలు అల్లుట ఈ ప్రాంతపు పెద్దలకు వెన్నతోపెట్టిన విద్య. పిల్లలకు ఆ విద్యను అప్పగించుటకు ఈ పర్వమే తగిన తరుణము.

మూడవది ముగ్గు. ఇచ్చటనే పొరపాటు మిక్కిలి సులభము. పిల్లలు ఉత్సాహముతో నేలపై మూడు రంగుల జెండాను, చక్రమును చిత్రింతురు. కొంతసేపటికి అది వచ్చిపోవువారి పాదముల క్రిందనే యుండును. కావున నేలమీద పతాకము వలదు. నేలకు తగిన రూపములు వేరుగా నున్నవి. జాతీయ పుష్పమైన పద్మము, జాతీయ పక్షియైన నెమలి, మామిడి పిందెలు మన ముగ్గులలో అనాదిగా నున్నవే. దినమును తలపించు చుక్కల లెక్కయు మన సంప్రదాయముననే కలదు. నడుమ 15 చుక్కలు పెట్టి, ఇరువైపుల సందు చుక్కలుగా ఒక్కొక్కటి తగ్గించుచు 8 వరకు వచ్చినచో, పదునైదు వరుసలలో 169 చుక్కల షట్కోణ మేర్పడును. పదునైదు, ఎనిమిది! ఎనిమిదవ మాసమున పదునైదవ దినము ఆ లెక్కలోనే పలుకుచున్నది. ఆ చుక్కలను కలుపుచు పద్మములు తీర్చి, అంచులకు జాజు పూసిన, చూచువారు సంతసింతురు. లెక్క నెరిగినవారు మందహాసము చేయుదురు. ముగ్గునకు సున్నపురాతి పొడి గాక బియ్యపు పిండిని వాడినచో చీమలకు, పిచ్చుకలకు అది విందు. దేశోత్సవమున నోరులేని ప్రాణులకు భాగము పెట్టుట మన గృహస్థ ధర్మమునకు అనుగుణమైనదే. ఆగష్టు సాయంకాలములందు అప్పుడప్పుడు వాన పడును. నవంబరు 1న ఈశాన్య ఋతుపవనములు చురుకుగా నుండు కాలము. అట్టి దినములలో నానబెట్టి రుబ్బిన బియ్యపు ముద్దతో, కప్పుగల అరుగుపై వేసిన ముగ్గు నిలుచును.

నాలుగవది పూవులు. మల్లె, కనకాంబరము, మరువము కలిపి కట్టిన కదంబమాలను దక్షిణదేశపు స్త్రీలు ఈ పతాకము పుట్టక మునుపే సిగలలో ధరించిరి. తెలుపు, కాషాయము, ఆకుపచ్చ ప్రకృతిమాత వన్నెలు. వానిని ఎవరును నిషేధింపలేదు. నిర్ణీతమైన నిష్పత్తిలో, వరుసలో, చక్రముతో కూడిన రూపమే పతాకము. కావున మూడు వన్నెల పూలు గల మాల నిరభ్యంతరముగా ద్వారమున వ్రేలాడవచ్చును. జెండా ఆకారమున పూలను పరచి నేలపై పెట్టుట మాత్రము మానవలయును.

ఐదవది కాగితపు పని. పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమమునకు చెందిన చేతికాగితపు కర్మాగారము 1959 నుండి నూలు పీలికలతో కాగితము తయారుచేయుచున్నది. అట్టి కాగితమును త్రికోణములుగా కత్తిరించి దారమునకు అంటించిన చక్కని పెరటి దండ యగును. త్రికోణపు అడుగు 15 సెంటీమీటర్లు, నడుమ ఎడము 10 సెంటీమీటర్లు ఉంచినచో 10 మీటర్ల దారమునకు 40 త్రికోణములు పట్టును. ఒక్కొక్క దండకు ఒక్కొక్క రంగే వాడుట మేలు; పసుపు నీటిలో ముంచినవి ఒకటి, ఆకుపసరు పూసినవి ఒకటి, పూయక విడిచినవి ఒకటి. ఎండలో పసుపు వెలియును గనుక ఆ దండను నీడపట్టున కట్టవలయును. మైదాపిండిని నీటిలో కాచిన జిగురు అంటించుటకు చాలును. త్రికోణములపై పిల్లలు చిత్రము లేల వ్రాయరాదు? ఒకదానిపై కీళూరు పేరు, ఒకదానిపై యానాము, ఒకదానిపై 170, ఒకదానిపై భట్లపెనుమర్రు. కారణమేమని అతిథు లడిగినపుడు పిల్లవాడే చెప్పవలయును. అప్పుడు దండయే పాఠమగును.

ఆరవది దీపము. పట్టణమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున నున్న విల్లియనూరు మట్టిపనికిని, తిరుక్కనూరు కాగితపుగుజ్జు బొమ్మలకును భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కుమ్మరుల ప్రమిదలు ఇరువదినాలుగు తెచ్చి, చక్రపు ఆకుల సంఖ్యను తలచుచు పెరటి గోడమీద వరుసగా వెలిగింపవచ్చును. దేశమును స్మరించు దినమున పొరుగు చేతిపనివానికి నాలుగు రూపాయలు చేరుటయు దేశసేవయే.

చేయరాని దొకటి కలదు. ప్లాస్టికు జెండాలు, బుడగలకు గ్రుచ్చు ప్లాస్టికు పుల్లలు, అలంకారమునకు వాడు థర్మోకోలు వీనిని 2022 జులై 1 నుండి దేశమంతట ప్రభుత్వము నిషేధించినది. నిషేధింపకున్నను, వాన పడినంతనే వీధినుండి కాలువకు, కాలువనుండి సముద్రమునకు కొట్టుకొనిపోవునది దేశభక్తికి గుర్తు కాజాలదు. ఆకుపచ్చ వన్నె నేలతోను చెట్టుతోను బంధమును తెలుపునని రాధాకృష్ణ పండితుడు చెప్పిన దానిని, ఆ వన్నె పూసిన ప్లాస్టికే భంగపరచుచున్నది.

ఉద్వాసన

ఉత్సవమునకు ప్రారంభమెంత ముఖ్యమో ముగింపు నంతే ముఖ్యము. ఇది మన పూజావిధానము బాగుగా నెరిగిన రహస్యము. ఆవాహనము చేసిన దేవతకు ఉద్వాసన చెప్పక పూజ ముగియదు. వాడిన పూవులకు సైతము నిర్మాల్యమని పేరు పెట్టి, తొక్కుడు పడని చోట విడుతుము. కాని జాతీయ పర్వమున మనకు ఆవాహనమే తెలిసినది, ఉద్వాసన తెలియలేదు. ఆగష్టు 16 ఉదయమున ఏ పట్టణపు వీధులలో నడచినను ఆ లోపము కనబడును. నిన్న ఛాతీపై మెరసిన కాగితపు జెండా నేడు మురుగుకాలువ యంచున పడియున్నది. దానిని పడవేసినవాడు దేశద్రోహి కాడు. నిన్న అందరికంటె బిగ్గరగా జయఘోష చేసినవాడే కావచ్చును. లోపము ప్రేమయందు లేదు. ప్రేమను చివరివరకు నడపు శిక్షణమునందు కలదు. పుదుచ్చేరికి ఆ ఆగష్టు 16 గూడ పర్వమే యగుట వలన ఇచ్చట ఆ దృశ్యము మరింత బాధాకరము.

కాగితపు జెండాలను పర్వసమయమున చేతబట్టి ఊపుటకు నియమావళి అనుమతించినది. నేలపై పారవేయుటను నిషేధించినది. కావున ఇంటిలోని ఒక పిల్లవానికి ఈ బాధ్యతను అప్పగింపవలయును. ఇరువది జెండాలిచ్చినచో ఇరువదియు తిరిగి రావలయును. లెక్క సరిపోవువరకు ఉత్సవము ముగిసినట్లు కాదు. చినిగినవానిని ఏకాంతమున, గౌరవముతో, పూర్తిగా అగ్నికి అర్పించుట ఉత్తమ మార్గము. వస్త్ర పతాకమును బల్లపై పరచి, కాషాయమును ఆకుపచ్చను తెలుపు క్రిందికి మడచి, పిమ్మట ఇరువైపుల నుండి తెలుపును చక్రము మాత్రము పైకి కనబడునట్లు మడచి, రెండు అరచేతులమీద ఉంచుకొని లోపలికి కొనిపోయి భద్రపరుపవలయును. మామిడాకులు, పూవులు పెరటి పాదులలోనికి పోవును. కాగితపు త్రికోణములు పెట్టెలోనికి పోయి నవంబరు 1కి మరల వచ్చును. ముగ్గును చీమలు ముగించును. ప్రమిదలు కార్తిక మాసమునకు నిలుచును. మరునాటి యుదయమునకు పెరటిలో చెత్త యనునది మిగులదు.

అంతరార్థము

ఇదంతయు చిన్న విషయమునకు పెద్ద విచారణ యని ఒకరికి తోచవచ్చును. కాని శీలము చిన్న విషయములందే రూపొందును. భక్తితో సమర్పించినచో ఆకైనను, పూవైనను, నీరైనను తనకు ప్రియమని గీతాచార్యుడు చెప్పెను. అచ్చట విలువ వస్తువునకు గాదు, చేతికి. చేతికిని గాదు, చేయించు మనస్సునకు. కొన్న దండకు వెల యొక గంటలో మరపునకు వచ్చును. రెండు సాయంకాలములు కూర్చుండి నలుబది త్రికోణములు కత్తిరించిన బాలుడు వానిని మురుగున పడవేయజాలడు. తన చేతి శ్రమ పడిన వస్తువును మానవుడు సహజముగానే ఆదరించును. పెద్దల శ్రమ పడిన స్వాతంత్ర్యమును ఆదరించుటకు ఇది తొలి మెట్టు.

ఊహించిన ఆ యింటికి మరల వత్తము. సాయంకాలమైనది. పతాకము గాలికి కదలుచున్నది. దానికి దూరముగా, క్రిందుగా పసుపు, పచ్చ, తెలుపు దండలు. గోడమీద దీపములు. బాలుడు ఒక త్రికోణము క్రింద నిలువబడి, 170 అను అంకె ఏమని అడిగిన పెద్దమనిషికి కీళూరు కథ చెప్పుచున్నాడు. ఎనిమిది మంది కాదన్నారని గూడ చెప్పి, వారి వోట్లనుకూడ లెక్కించినారని కలిపెను. అమ్మమ్మ అరుగుమీద కూర్చుండి వినుచున్నది. జెండాల దండ కొనియీయని లోపము ఆ పెరటిలో ఎవరికిని కానరాలేదు.

అలంకారము ఎన్నటికిని ఆరాధ్యమునకు మారు కానేరదు. కాని ఆరాధ్యమేదో ఎరిగి చేసిన అలంకారము, చేసినవానిని గూడ అలంకరించును.